వాంతుల గేరి చిరునామా

1956 వేసవి. అప్పటికి నేను నంద్యాలలో సానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి మూడేళ్ళయింది. ఆ ఉద్యోగం పేరు వింటే ఏదో పెద్ద హోదా అనుకుంటారు. బావుల్లో మందు వేయించడం, సంతలో కుళ్ళిన పండ్లు పారబోయించడం, కాలువలు తీయించడం, టీకాలంటే పారిపోయేవాళ్ళను బతిమాలి పొడిపించడం నా పని. చంకలో రిజిస్టరు, సైకిలు వెనక బ్లీచింగ్ పౌడర్ డబ్బా. ఆ పొడి వాసన నా చొక్కాలను జీవితాంతం వదల్లేదు. మా ఇంట్లో నా బట్టలు వేరే దండెం మీద ఆరేసేవాళ్ళు.

మా పనికి చిరునామా ప్రాణం. కలరా సోకిన మనిషి ఆసుపత్రికి వస్తే వైద్యం డాక్టరు చూసుకుంటాడు. మా పని ఆ మనిషి ఇంటికి పోవడం. ఇంట్లో వాళ్ళను, ఇరుగుపొరుగును మా భాషలో కాంటాక్ట్స్ అంటాం, అంటే రోగితో కలిసి మెలిసి ఉన్నవాళ్ళు. వాళ్ళకు సూది వేయాలి. వాళ్ళు తాగే బావిలో మందు కలపాలి. చిరునామా తప్పయితే ఇవన్నీ వేరే చోట జరుగుతాయి. జబ్బు మాత్రం తన చోట తాను హాయిగా ఉంటుంది.

ఇక నంద్యాలలో చిరునామా సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. కాగితం మీద ఒక పేరు, జనం నోట్లో ఒక పేరు. అన్నీ ఎవరో ఎవరినో ఎగతాళి చేయడానికి పెట్టినవే. నలుగురు అన్నదమ్ములు గొడవపడి నాలుగు గడపలు పెట్టుకున్న చోటు అలకల సందు. ఎప్పుడూ ఎవరో ఒకరు కోర్టుకు పోతుండే చోటు వాయిదాల పేట. పెద్ద పెద్ద ఇళ్ళున్న మేడల వీధిని అక్కడివాళ్ళు లేనప్పుడు అందరూ గొప్పల వీధి అనేవాళ్ళు. నేను బాడుగకు ఉన్నది అలకల సందులోనే. మా ఇంటి యజమానురాలు ఆ మాట ఎవరైనా అంటే రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు, అన్నది నేను కాకపోయినా.

అన్నిటికన్నా చెడ్డపేరు వాంతుల గేరిది. గేరి అంటే మా వైపు చిన్న పేట. ముప్పయి నలభై ఇళ్ళు, అందరిదీ బొరుగులు వేయించే పని. పెద్ద మూకుడులో ఇసుక కాగబెట్టి, అందులో బియ్యం పోసి కలియబెడితే చిటపటమని పేలి బొరుగులవుతాయి. మూటలు కట్టి బస్సు మీదికి ఎక్కించి ఆళ్లగడ్డ సంతకు పంపేవాళ్ళు. వాళ్ళ బతుకంతా ఆ సంత మీదే. నేను రాకముందెప్పుడో అక్కడ కలరా తగిలి చాలామంది పోయారట. అప్పుడే ఊరు ఆ పేరు పెట్టింది. అంతకుముందు దాన్ని ఏమనేవాళ్ళో గేరి ముసలివాళ్ళకే గుర్తు లేదు. విడ్డూరం ఏమిటంటే, మా ఆఫీసు వార్డు పుస్తకంలో కూడా ఆ పేరే ఎక్కింది. రాసిన గుమాస్తాకు వేరే పేరు ఎవరు చెప్పారు గనక?

ఆ ఏడు ఎండలు ముదిరాక నాలుగు రోజుల్లో ఐదుగురు కలరాతో ఆసుపత్రికి వచ్చారు. ఐదుగురి చిరునామా ఒకటే, మేడల వీధి. నాకు ఆశ్చర్యం కలగలేదు. మేడల వెనక కొట్టాల్లో పనివాళ్ళ కుటుంబాలు ఉండేవి. రోగులను చూస్తే పనిచేసుకునేవాళ్ళలాగే ఉన్నారు. ఆ వీధిలో యాడ అని అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు, "ప్లీడరు ఇంటి వెనక సామీ" అని. ఐదుగురు మనుషులు ఒకే మాటను అదే వరసలో చెబితే అనుమానం రావాలి. నాకు రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను.

డబ్బా తీసుకుని ప్లీడరు గారింటికి పోయాను. ఆయన వసారాలో పేపరు చదువుతున్నారు. మీ ఇంటి వెనక ఐదుగురికి కలరా అని చెప్పాను.

"మా వెనక ఉండేది రెండు కుటుంబాలు. రెండిట్లోనూ ఎవరికీ తుమ్ము కూడా లేదు," అన్నారాయన.

"ఆసుపత్రిలో పేర్లతో సహా రాసుకున్నానండీ."

"ఆ పేర్లవాళ్ళెవరూ ఈ వీధిలో లేరు. కావాలంటే ఇల్లిల్లూ తిరగండి."

తిరిగాను. కాళ్ళు పీకేదాకా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ అదే జవాబు, మా దగ్గర ఎవరూ లేరని. నాకు ఒళ్ళు మండింది. గొప్పల వీధి అని ఊరికే అన్నారా, పరువు పోతుందని పనివాళ్ళ రోగం దాచిపెడుతున్నారు అనుకున్నాను. అనుకోవడమే కాదు, ప్లీడరు గారి ముఖం మీదే అనేశాను. ఆయన నా మీద పైకి రాస్తానన్నారు. రాసుకోండి అని చెప్పి, ఆ వీధి బావికి తాడు వేసి లోతు కొలిచి, లెక్కకట్టి, పొడి కలిపించాను. మరుసటి రోజు మళ్ళీ కలిపించాను. మూడో రోజు ఇంకొంచెం దట్టంగా. ఆ నీళ్ళతో కాచిన కాఫీ నోట పెట్టుకోలేక ఆ వీధి వీధంతా నన్ను తిట్టింది. నేను నా కర్తవ్యం చేస్తున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

రోగులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆరోవాడు మద్దిలేటి. ముప్పయి ఐదేళ్ళుంటాయి. కళ్ళు లోపలికి పోయి, చేతివేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి వచ్చాడు. భార్య నాగమ్మ తోడు వచ్చింది. సెలైన్ ఎక్కిస్తున్నారు. నేను రిజిస్టరు తెరిచాను.

"ఏ వీధి?"

"మేడల వీధి సామీ. ప్లీడరు ఇంటి వెనక."

పెన్ను అక్కడే ఆగింది. ఆ ప్లీడరు ఇంటి వెనక నేను మూడు రోజులుగా ఉదయం సాయంత్రం తిరుగుతున్నాను. ఈ మనిషిని ఎక్కడా చూడలేదు. ఆమె మొగుడి తల సర్దడానికి వంగింది. చీర కొంగు మడతలోంచి సన్నని ఇసుక జారి నేల మీద పడింది. మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. కాగిన ఇసుక చిట్లి పడితే అయ్యే మచ్చలవి.

"మేడల వీధిలో బొరుగుల బట్టీ యాడుందమ్మా?" అని అడిగాను.

ఆమె కొంగు దులుపుకుంది.

"నిన్నే అడుగుతున్నా. నీది ఏ గేరి?"

"మా పెద్దాయన చెప్పొద్దన్నాడు సామీ."

"ఎవరా పెద్దాయన?"

"ఎంకటసుబ్బన్న. గేరంతా కూసోబెట్టి మాట తీసుకున్నాడు. ఆస్పత్రికి ఎవురు పోయినా మేడల వీధనే చెప్పాల అని. మళ్ళా గేరి పేరు బయటికొస్తే ఆళ్లగడ్డ సంతలో మా మూట ఎవురూ దించుకోరు. పోయినసారి ఏడాది పస్తులుండారంట, మా అత్త చెప్తాంటాది."

నేను మూడు రోజులుగా రోగం లేని బావిలో మందు పోస్తున్నాను. రోగం ఉన్న బావి నీళ్ళు గేరి గేరంతా తాగుతోంది. ఆమె మీద అరిచాను. ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. నర్సు వచ్చి మందలించింది. నాగమ్మ ఏడవలేదు. నన్ను చూసి అంది, "నేను మాట తప్పినా సామీ. నన్ను గేరిలో ఉండనియ్యరు. అయినా నా బిడ్డ ఆడ ఆ నీళ్ళే తాగుతాంది. నువ్వు బేగా పో."

సైకిలు ఎంత వేగంగా తొక్కానో నాకే తెలియదు. గేరి నడుమ బావి. గట్టు పగిలి ఉంది, పగుల్లోంచి నీళ్ళు లోపలికే కారుతున్నాయి. ఆ గట్టు మీదే బట్టలు ఉతుకుతున్నారు, రోగుల బట్టలతో సహా. చూడగానే సంగతి అర్థమైపోయింది. వెంకటసుబ్బన్న తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, గొంతు ఎత్తకుండా మాట్లాడతాడు.

"ఏందప్పా, ఇట్లొచ్చినావు?"

"మీ గేరిలో కలరా ఉంది. బావిలో మందు వేయాలి. అందరికీ సూదులు పొడవాలి."

"ఈడ ఎవురికీ ఏమీ లేదే. మేడల వీధిలో ఉందంట కదా."

నా ముఖంలోకి చూస్తూ ఎంత నిబ్బరంగా అన్నాడో. నాకు తలప్రాణం తోకకు వచ్చింది. ఆరుగురి పేర్లూ గట్టిగా చదివాను. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"సరే అనుకో. మందు ఏస్తే వాసనొస్తాది. ఈ వాసన బొరుగులకు పట్టుకుంటాది. ఆళ్లగడ్డోళ్ళు మూట ఇప్పంగానే కనుక్కుంటారు. అప్పుడు నువ్వొచ్చి మాకు కూడు పెడతావా?"

"మనుషులు పోతున్నారయ్యా."

"ఒకరో ఇద్దరో పోతారు. సంత పోతే అందరం పోతాం."

ఇది మొండితనం అని నేను అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు కూడా చాలావరకు అదే అనుకుంటున్నాను. కాని ఆయన లెక్క ఆయనకు ఉంది, అది నాకు అప్పుడు వినబడలేదు. బియ్యం కాగిన ఇసుకలో పేలుతుంది కదా, ఆ వేడికి ఏ రోగమూ బతకదు, మీ బొరుగులకు ఏ దోషమూ లేదని చెప్పాను. గోడకు చెప్పినట్టే ఉంది. ఇక నేను పోయి బావి గట్టు మీద కూర్చున్నాను. మందు వేసేదాకా లేవను, ఒక్క బిందె నిండనియ్యను అన్నాను. గేరంతా పోగైంది. ఎవరూ కదల్లేదు. ఎండకు నా తల మాడిపోతోంది. లోపల భయంగానే ఉంది, ముప్పయిమంది మగవాళ్ళు నిలబడి చూస్తుంటే.

అప్పుడొక పడుచు ఆడమనిషి ఖాళీ బిందె కింద పెట్టి ముందుకు వచ్చింది.

"పొద్దున్నుంచి మా వానికి పోతాండాయి. నువ్వు మందు ఏయప్పా. పెద్దాయనకు నేను చెప్తా," అంది.

వెంకటసుబ్బన్న ఆమెను చూశాడు, నన్ను చూశాడు. పక్కకు జరిగాడు. నేను తాడు వదిలి లోతు కొలిచాను. ఆమె బిడ్డను వెంటనే ఆసుపత్రికి పంపించాను, వాడు బతికాడు. సాయంత్రానికి గేరిలో సగంమందికి సూదులు పొడిచాము, మిగతా సగం మర్నాడు. నాగమ్మ కూతురికి నేనే పొడిచాను. వారం తిరగకుండా కొత్త కేసులు ఆగిపోయాయి.

మద్దిలేటి మాత్రం ఆసుపత్రిలో చేరిన మర్నాడే పోయాడు. ఆ మూడు రోజులు నేను సరైన బావి దగ్గర ఉండి ఉంటే అతను ఆసుపత్రి దాకా వచ్చేవాడే కాడు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. ప్లీడరు గారికి మాత్రం క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన, "గొప్పల వీధి అనగానే నువ్వు నమ్మేసినావు చూడు," అన్నారు. నిజమే. ఊరు పెట్టిన పేరును పట్టుకుని నేను తీర్పు చెప్పాను. పనివాళ్ళ రోగాన్ని దాచే మనుషులు అని ముందే రాసిపెట్టుకుని పోయాను కాబట్టే వాళ్ళు నిజం చెబుతున్నా నా చెవికెక్కలేదు. ఐదుగురు ఒకే మాట చెప్పినా అనుమానం రాకపోవడానికి కారణం అదే.

రిపోర్టు రాయాలి. పైవాళ్ళకు పోతుంది, చుట్టుపక్కల సంతలు జరిగే ఊళ్ళకు కూడా ఒక నకలు పోతుంది. వెంకటసుబ్బన్న ఆఫీసుకు వచ్చి నిలబడ్డాడు. "పేరు రాయొద్దప్పా, ఎట్లనన్నా తిప్పి రాయి," అన్నాడు. కుదరదన్నాను. మీరు అబద్ధం చెప్పబట్టే ఒక మనిషి పోయాడు, ఇప్పుడు నన్ను కూడా అబద్ధం రాయమంటావా అని కోప్పడ్డాను. మీ గేరికి వేరే పేరేదన్నా ఉంటే చెప్పు, అదే రాస్తాను అని కూడా అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "లేదప్పా," అని వెళ్ళిపోయాడు. వాంతుల గేరి అనే రాశాను.

ఆయన చెప్పినట్టే అయింది. ఆ వారం ఆళ్లగడ్డకు పోయిన మూటలు పోయినట్టే బస్సు మీద తిరిగి వచ్చాయి. నాకు ఉండబట్టలేదు. తర్వాతి సంత నాడు నేనే ఆళ్లగడ్డ బస్సెక్కాను. గేరివాళ్ళు ఇద్దరు మూటలు దించి ఒక మూల కూర్చుని ఉన్నారు. చుట్టూ జాగా వదిలి జనం పోతున్నారు. నేను సంత నడుమ నిలబడి, ఫలానా ఇన్‌స్పెక్టర్‌ను, ఈ బొరుగుల్లో ఏమీ లేదని చెప్పి, గుప్పెడు తీసి అందరి ముందూ తిన్నాను. ఇంకో గుప్పెడు తిన్నాను. ఒక దుకాణదారు తీరిగ్గా చూసి, "నీకేమప్పా, సూది పొడిపించుకున్నోనివి. నువ్వు ఎన్నన్నా తింటావు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గొంతుకు బొరుగులు అడ్డం పడి నేను దగ్గాను. దగ్గగానే ఇంకో నలుగురు దూరం జరిగారు. ఆ రోజు ఆళ్లగడ్డ మీద, నంద్యాల మీద, బొరుగుల మీద నాకు కలిగిన విసుగు ఇంతా అంతా కాదు.

సంత మళ్ళీ దారికి రావడానికి కార్తీకం దాకా పట్టింది. ఏ రిపోర్టూ దాన్ని దారికి తేలేదు. జనం మరిచిపోయారు, అంతే. మరుపు నా పౌడర్ కన్నా బాగా పనిచేసింది.

ఈలోగా నాగమ్మ గేరి వదిలేసింది. ఎవరూ పొమ్మనలేదట. ఆమె బట్టీ పక్క బట్టీవాళ్ళు మాట్లాడటం మానేశారు, అది చాలు. ఆళ్లగడ్డలో అన్న దగ్గరికి పోతూ, మొగుడు చనిపోయినట్టు కాగితం కావాలని నా దగ్గరికి వచ్చింది. గేరిలో ఉన్న జాగా ఆమె పేరుకు మారాలంటే అది ఉండాలి. మరణాల రిజిస్టరు కూడా మా దగ్గరే. నేను నకలు రాయడం మొదలుపెట్టాను.

"సామీ, వీధి కాడ మేడల వీధి అని రాయి," అంది.

పెన్ను కింద పెట్టాను. "మళ్ళీ మొదలుపెట్టావా తల్లీ?"

"ఆళ్లగడ్డలో ఈ కాగితం ఎవురో ఒకరు చూస్తారు. నా బిడ్డ ఆడ పెరగాల. ఇంగొకటి గూడా చెప్తా. ఆయప్ప పుట్టింది ఆ గేరిలోనే, ఇసకలో కాలింది ఆడనే. సచ్చినాకన్నా మంచి వీధిలో ఉండనీ."

కుదరదని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేనేమో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. చిరునామా అబద్ధమైతే ఏమవుతుందో నీకన్నా ఎవరికి తెలుసు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె తల వంచుకుంది. నేను రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు నకలు రాశాను, వాంతుల గేరి అని. సంతకం చేసి, ముద్ర వేసి, ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమని రాసినావు సామీ?"

"మేడల వీధి అని," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నెల రోజులుగా గేరినంతా అబద్ధాలకోరులని తిడుతున్న మనిషిని. ఆమె కాగితం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఆ కేసు తర్వాత నా పనిలో ఒకటి మార్చుకున్నాను. ఆసుపత్రిలో రోగి తాలూకు వాళ్ళను ఏ వీధి అని అడగడం మానేశాను. తాగే నీళ్ళు ఎక్కడివి, తోడేది ఎవరు, గిలకుందా చేంతాడా, గట్టు పగిలిందా అని అడిగేవాణ్ణి. బావి గురించి ఎవరూ అబద్ధం చెప్పరు, దానికి ఇంకా ఎవరూ చెడ్డపేరు పెట్టలేదు కాబట్టి. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు కూడా అదే నేర్పించాను. వాళ్ళలో ఒకరిద్దరు విన్నారు.

రెండేళ్ళ తర్వాత ఆళ్లగడ్డ సంతలో తనిఖీకి పోయినప్పుడు నాగమ్మ కనబడింది. మూట ముందర కూర్చుని బొరుగులు కొలిచి పోస్తోంది. పక్కన కూతురు. నన్ను గుర్తుపట్టి నవ్వింది. ఆ కాగితం సంగతి గుర్తొచ్చి నేను ముఖం పక్కకు తిప్పుకోబోయాను.

"ఆ కాగితం మా అన్న ఆ పొద్దే చదివి చెప్పినాడు సామీ," అంది.

ఆమె శేరు నిండా బొరుగులు కొలిచి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

"ఏమనుకోవద్దులే. నువ్వు గూడా మా గేరోనివే అయితివి."